షుగర్ మాత్ర ఒంట్లో పేరుకుపోతే: డయాలసిస్ ఎప్పుడు, ఏది, ఎంతసేపు

ముంజేతి ధమని నుంచి తీసిన కాస్త రక్తాన్ని యంత్రంలో పెడితే రెండు మూడు నిమిషాల్లో సన్నటి చీటీ బయటికొస్తుంది. పీహెచ్ 6.9, బైకార్బనేట్ 5, లాక్టేట్ 18. ఆరోగ్యవంతుల్లో ఇవి 7.4, 24, 2 లోపు ఉంటాయి. మంచం మీది మనిషి లోతుగా, వేగంగా రొప్పుతుంటాడు. ఛాతీలో పిల్లికూతలుండవు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. కాళ్లూ చేతులూ చల్లబడి ఉంటాయి, బీపీ నిలబడదు. కొందరు కళ్లు మసకబారాయనీ, ఏమీ కనబడడం లేదనీ అంటారు; రక్తంలో ఆమ్లం తగ్గాక ఆ చూపు తిరిగొచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంటివాళ్లు తెచ్చిన సంచిలో షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పులకు వాడే బిళ్లలు ఉంటాయి. నాలుగు రోజులుగా వాంతులు, నీళ్ల విరేచనాలు. తిండి మానేశాడు గానీ మాత్ర మానలేదు. షుగర్ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదని ఏళ్ల తరబడి విన్న మాట కదా.

కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని ఐసీయూలోనైనా, శ్రీకాకుళం రోగులు చేరే విశాఖ ఆసుపత్రిలోనైనా ఈ జబ్బు కనిపించే తీరు ఇంచుమించు ఇదే. ఆ సంచిలోని షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోవడం వల్ల వచ్చే లాక్టిక్ అసిడోసిస్ ఇది. దీనికి సూదిమందు రూపంలో విరుగుడు లేదు. ఉన్న విరుగుడు డయాలసిస్ యంత్రమే. ఆ యంత్రాన్ని కిడ్నీలు చెడినవాళ్ల వైద్యంగా మాత్రమే చూసి, క్రియాటినిన్ పెరిగేదాకా, మూత్రం పూర్తిగా ఆగేదాకా వేచి చూస్తే బతికించగలిగిన గంటలు చేజారిపోతాయి. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ రకం డయాలసిస్ చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న మూడు ప్రశ్నల్లో కొన్నింటికి గట్టి జవాబులున్నాయి, కొన్ని ఇంకా తేలలేదు.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. మెట్‌ఫార్మిన్ చెడ్డ మందు కాదు. ఐరోపాలో పశువుల మేతలోనూ నాటువైద్యంలోనూ వాడిన గలేగా అనే మొక్కలోని గ్వానిడిన్ జాతి పదార్థం దీనికి మూలం. 1922లో డబ్లిన్‌లో ఎమిల్ వెర్నర్, జేమ్స్ బెల్ దీన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ షుగర్ రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. 1998లో వెలువడిన బ్రిటన్ దీర్ఘకాలిక అధ్యయనం ఊబకాయం ఉన్న రోగుల్లో గుండెపోట్లనూ మరణాలనూ ఇది తగ్గిస్తుందని చూపాక ప్రపంచమంతా దీన్నే మొదటి మాత్రగా తీసుకుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం భారతదేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు. వారిలో ఎక్కువమందికి అందుబాటు ధరలో దొరికే మందు ఇదే.

చెడ్డపేరు తెచ్చింది దీని అన్న ఫెన్‌ఫార్మిన్. అదే జాతి మందు, అదే కాలంలో వచ్చింది, కానీ లాక్టిక్ అసిడోసిస్ ఎన్నో రెట్లు ఎక్కువగా తెచ్చింది. 1977లో అమెరికా దాన్ని ప్రజారోగ్యానికి తక్షణ ప్రమాదంగా ప్రకటించి మార్కెట్ నుంచి తప్పించే పని మొదలుపెట్టింది. భారత ప్రభుత్వం నిషేధించింది 2003లో. ఫెన్‌ఫార్మిన్ చేసిన గాయం వల్లే అమెరికాలో మెట్‌ఫార్మిన్‌కు అనుమతి 1994 చివరిదాకా రాలేదు. ఆ భయం ఎంతవరకు సబబు అని 2010లో కోక్రేన్ సంస్థ లెక్క తీసింది. 347 పరిశోధనల్లో మెట్‌ఫార్మిన్ వాడినవారి కాలమంతా కలిపితే 70,490 రోగి-సంవత్సరాలు. లాక్టిక్ అసిడోసిస్ ఒక్కటీ లేదు. అయితే ఆ పరిశోధనల్లో చేరినవారిని జాగ్రత్తగా ఏరి తీసుకుంటారు. కిడ్నీలు బలహీనమైనవారిని చాలాచోట్ల చేర్చుకోరు, చేరినవారిపై వైద్యుల కన్ను ఉంటుంది. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి రెండేళ్లుగా అదే మాత్ర కొనుక్కునే మనిషి ఆ లెక్కలో లేడు. ఈ తేడాను పట్టించుకోకుండా ‘మెట్‌ఫార్మిన్ వల్ల ఏమీ కాదు’ అనడమూ తప్పే, ‘మెట్‌ఫార్మిన్ విషం’ అనడమూ తప్పే.

ఇంతకూ లోపల జరిగేదేమిటి? ఇక్కడ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. కండరాలు శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీశారు. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియాలు ఆక్సిజన్ సాయంతో తయారుచేసేది ఆ ఏటీపీనే. మోతాదులో ఉన్న మెట్‌ఫార్మిన్ కాలేయంలో కొత్త చక్కెర తయారీని తగ్గిస్తుంది. మోతాదు మించి పేరుకుంటే మైటోకాండ్రియాలోని మొదటి శ్వాస సముదాయాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు ఒంట్లో ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. చక్కెరను సగంలోనే విరగ్గొట్టి కాస్త శక్తి పిండుకుంటుంది, లాక్టేట్ మిగులుతుంది. మామూలుగా ఆ లాక్టేట్‌ను తిరిగి చక్కెరగా మార్చేది కాలేయం. ఆ దారిని మూసింది కూడా ఇదే మందు. తయారీ పెరిగి, ఖర్చు తగ్గి, రక్తం ఆమ్లమైపోతుంది. గుండె కండరం బలహీనపడుతుంది, బీపీ పెంచే నోర్‌అడ్రినలిన్‌కు కూడా రక్తనాళాలు సరిగా స్పందించవు.

మెట్‌ఫార్మిన్‌ను కాలేయం విరగ్గొట్టదు. మాత్రలో ఉన్నది ఉన్నట్టే మూత్రంలో పోవాలి. ఆరోగ్యమైన కిడ్నీలు నిమిషానికి దాదాపు 500 మిల్లీలీటర్ల రక్తం నుంచి ఈ మందును పూర్తిగా తొలగిస్తాయి. వడపోత ఒక్కటే చాలక, నాళికలు పనిగట్టుకుని బయటికి తోస్తాయి. అందుకే రక్తంలో దీని మోతాదు దాదాపు ఆరు గంటల్లో సగానికి పడిపోతుంది. కిడ్నీలు మూడు రోజులు మొరాయించాయంటే, పొద్దునా రాత్రీ వేసుకున్న ప్రతి మాత్రా లోపలే ఉండిపోయినట్టు.

ఈ ప్రమాదానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒకేసారి ఎక్కువ మాత్రలు మింగడం. రెండోది, రోజూ వేసుకునే మాత్రే కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు పేరుకోవడం. చూడ్డానికి మొదటిదే భయంకరం. కానీ 2009లో ఫ్రాన్స్ వైద్యులు తమ ఐసీయూలో చేరిన 42 మంది వివరాలు ప్రచురించినప్పుడు లెక్క తలకిందులైంది. కావాలని ఎక్కువ మింగిన 13 మందిలో ఒక్కరూ చనిపోలేదు. తెలియక పేరుకుపోయిన 29 మందిలో దాదాపు సగంమంది చనిపోయారు. మొదటి రకంవారు చాలావరకు వయసులో చిన్నవాళ్లు, వాళ్లకు ఉన్నది మందు విషం ఒక్కటే. రెండో రకంవారిలో ఇన్‌ఫెక్షన్, గుండె జబ్బు, కాలేయం దెబ్బ, నీళ్లు ఎండిపోవడం అన్నీ కలిసి ఉంటాయి. మెట్‌ఫార్మిన్‌ను బయటికి తీసినా మిగతావి అక్కడే ఉంటాయి. మొదటి రకం ప్రమాదంలో ఉన్నవారికి ఐసీయూ వైద్యం సగమే. మనసు కుంగినవారు, వారి ఇంటివాళ్లు ఏ రాష్ట్రం నుంచైనా, తెలుగులోనైనా 14416కు ఫోన్ చేసి టెలీ మానస్ సలహాదారులతో ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇక డయాలసిస్ ఎప్పుడన్న ప్రశ్న. విషప్రయోగాల్లో రక్తశుద్ధి మీద పనిచేసే ఎక్స్‌ట్రిప్ అనే అంతర్జాతీయ బృందం మెట్‌ఫార్మిన్ మీద 2015లో తన తీర్పు చెప్పింది. అప్పటిదాకా ప్రచురితమైన 175 మంది రోగుల వివరాలు చూసింది. లాక్టేట్ 20 దాటినా, పీహెచ్ 7.0 లేదా అంతకంటే తగ్గినా, మామూలు వైద్యంతో మెరుగు లేకపోయినా డయాలసిస్ చేసి తీరాలంది. లాక్టేట్ 15 నుంచి 20 మధ్య ఉన్నా, పీహెచ్ 7.0 నుంచి 7.1 మధ్య ఉన్నా చేయడం మంచిదంది. బీపీ పడిపోవడం, కిడ్నీలు లేదా కాలేయం దెబ్బతినడం, స్పృహ తగ్గడం తోడైతే ఈ గీతల దాకా ఆగనక్కర్లేదనీ చెప్పింది. రక్తంలో మెట్‌ఫార్మిన్ ఎంతుందో కొలిచే పరీక్ష ఈ షరతుల్లో లేకపోవడం గమనించదగ్గది. ఆ ఫలితం రోగిని కాపాడుకోవాల్సిన గంటల్లో చేతికందేది కాదు కాబట్టి. ధమని రక్తాన్ని పరీక్షించే ఏబీజీ యంత్రం ఐసీయూలో ఉంటే చాలు.

ఆ తీర్పు వెనుక ఆధారం ఎంత గట్టిది? నిజం చెప్పాలంటే పలచనిదే. చీట్లు వేసి సగం మందికి డయాలసిస్ చేసి, సగం మందికి మానేసిన పరిశోధన ఒక్కటీ లేదు. ప్రాణాపాయంలో ఉన్నవారితో అలాంటిది చేయడం కష్టం కూడా. 2008లో ఫ్రాన్స్‌లోనే మరో ఆసుపత్రి 30 మంది రోగుల లెక్క చెప్పింది. డయాలసిస్ చేసిన 16 మందిలో 31 శాతం, చేయని 14 మందిలో 29 శాతం చనిపోయారు. పైకి చూస్తే తేడా లేనట్టే. కానీ యంత్రం పెట్టింది పరిస్థితి మరీ విషమించినవారికే. వాళ్లు మిగతావారితో సమానంగా బయటపడ్డారంటే యంత్రం వాళ్లను అంత దూరం లాక్కొచ్చినట్టే అనుకోవాలి. ఇది ఊహే, రుజువు కాదు. అయినా మందు గుణం, యంత్రం పనితీరు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఊహకు బలముంది. మెట్‌ఫార్మిన్ అణువు చిన్నది, నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, రక్తంలోని ప్రొటీన్లకు అంటుకోదు. డయాలసిస్ పొర దాటడానికి ఇంతకన్నా అనువైన లక్షణాలుండవు.

ఏ రకం డయాలసిస్ అన్నచోటే ఆసుపత్రుల్లో వాదన ఎక్కువ. మామూలు హీమోడయాలసిస్ బీపీ నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 170 మిల్లీలీటర్ల దాకా రక్తాన్ని ఈ మందు నుంచి శుభ్రం చేయగలదు. సీఆర్ఆర్‌టీ, అంటే రాత్రీపగలూ నెమ్మదిగా నడిచే యంత్రం, 1977లో జర్మనీలో పీటర్ క్రామర్ వాడుకలోకి తెచ్చిన పద్ధతికి వారసురాలు. దీన్ని గంటకు కిలోకు 25 మిల్లీలీటర్ల చొప్పున నడపడం రివాజు. 60 కిలోల మనిషికి లెక్కకడితే నిమిషానికి 25 మిల్లీలీటర్లే. మామూలు యంత్రంలో దాదాపు ఏడో వంతే. అందుకే ఎక్స్‌ట్రిప్ మొదటి ఓటు మామూలు హీమోడయాలసిస్‌కే వేసింది, అది దొరకనప్పుడు సీఆర్ఆర్‌టీ అంది. ‘బీపీ లేదు కాబట్టి సీఆర్ఆర్‌టీయే’ అని అలవాటుగా నిర్ణయించేవారు ఈ అంకెల తేడాను ఒకసారి తూకం వేసుకోవాలి. ఈ జబ్బులో బీపీ పడిపోవడానికి ఆ మందూ, ఆ ఆమ్లమే చాలావరకు కారణం. వాటిని త్వరగా తీసేస్తే బీపీ నిలబడే అవకాశముంది. నోర్‌అడ్రినలిన్ నడుపుతూ, ఒంట్లోంచి నీళ్లు లాగకుండా, డయాలసిస్ ద్రవంలో బైకార్బనేట్ పెంచి మామూలు యంత్రం నడపడం అనుభవమున్న బృందానికి సాధ్యమే.

సీఆర్ఆర్‌టీ పనికిరాదని దీని అర్థం కాదు. దాని అవసరం రెండో అంకంలో వస్తుంది. మెట్‌ఫార్మిన్ రక్తంలో మాత్రమే ఉండదు, ఎర్రకణాల్లో, పేగు గోడల్లో, కండరాల్లో దాగి ఉంటుంది. నాలుగు గంటల డయాలసిస్ రక్తాన్ని శుభ్రం చేశాక ఆ దాగినది మెల్లగా మళ్లీ రక్తంలోకి దిగుతుంది. ఇసుకలో తవ్విన చెలమను తోడేసినా కాసేపటికి చుట్టూ ఉన్న నీరు ఊరినట్టే. ఉదయం 3కు దిగిన లాక్టేట్ సాయంత్రానికి మళ్లీ 9కి ఎక్కితే వైద్యం విఫలమైందని అర్థం కాదు, ఊట ఇంకా ఉందని. కాబట్టి మొదటి విడత మామూలు యంత్రంతో గట్టిగా తోడి, ఆ తర్వాత నెమ్మదైన పద్ధతికి మారడం వివేకవంతమైన దారి. లాక్టేట్ 3 లోపుకీ, పీహెచ్ 7.35 పైకీ చేరాకే ఆపమని ఎక్స్‌ట్రిప్ సూచన. ఆపాక కూడా కొన్ని గంటలకోసారి ఏబీజీ చూస్తుండాలి.

భారతీయ ఆసుపత్రులు తమకు తగ్గ మధ్యేమార్గం ఒకటి పట్టుకున్నాయి. దాన్ని స్లెడ్ అంటారు. సీఆర్ఆర్‌టీకి ప్రత్యేక యంత్రం, ఖరీదైన కిట్లు, ద్రవాల సంచులు కావాలి. స్లెడ్‌కు మామూలు డయాలసిస్ యంత్రమే చాలు. రక్తం వేగం, ద్రవం వేగం తగ్గించి ఆరు నుంచి పన్నెండు గంటలు నడుపుతారు. ఖర్చు చాలా తగ్గుతుంది, బీపీ తక్కువున్న రోగి తట్టుకుంటాడు. జేబుకు భయపడి సీఆర్ఆర్‌టీ వద్దన్న కుటుంబానికి ‘ఇక చేయగలిగింది లేదు’ అని చెప్పకూడదు. ఈ మధ్యేమార్గం గురించి వాళ్లకు చెప్పి తీరాలి. పొట్టలో ద్రవం పోసి చేసే పెరిటోనియల్ డయాలసిస్ మాత్రం ఇక్కడ పనికిరాదు. నెమ్మదిగా సాగడం ఒక కారణమైతే, ఆ సంచుల్లో చాలావాటిలో ఉండేది లాక్టేటే కావడం మరో కారణం. సీఆర్ఆర్‌టీలో రక్తం గడ్డకట్టకుండా వాడే సిట్రేట్‌తోనూ జాగ్రత్త అవసరం. దాన్ని ఖర్చుచేయాల్సిన మైటోకాండ్రియాలే మూలనపడి ఉన్నాయి మరి.

సోడా బైకార్బ్ సూదిమందు ఒక్కటీ చాలదా అన్న ప్రశ్న పాతదే. 2018లో ఫ్రాన్స్‌లో 389 మంది తీవ్ర అసిడోసిస్ రోగులపై జరిగిన పరిశోధనలో మొత్తంమీద పెద్ద తేడా రాలేదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో మేలు కనిపించింది. మెట్‌ఫార్మిన్ రోగులకు అది యంత్రం సిద్ధమయ్యేలోపు ఊతం. మందును అది బయటికి తీయదు. పైగా లీటర్లకొద్దీ ఎక్కిస్తే సోడియం, నీరు పెరుగుతాయి.

షుగర్ మాత్ర అనగానే అన్నింటికీ యంత్రమే దిక్కనుకోకూడదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటివి ప్రొటీన్లకు గట్టిగా అంటుకుని ఉంటాయి, డయాలసిస్‌కు చిక్కవు. అవి మోతాదు మించితే చక్కెర పడిపోతుంది. గ్లూకోజు, ఆక్ట్రియోటైడ్ సూదిమందు వైద్యం. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడేవారిలో కొందరికి చక్కెర 200 దాటకుండానే కీటోన్లతో రక్తం ఆమ్లమవుతుంది. దానికి ఇన్సులిన్, గ్లూకోజు, సెలైన్ కావాలి. ఆయాసంతో వచ్చిన షుగర్ రోగికి లాక్టేట్‌తోపాటు కీటోన్లు కూడా చూడాలనేది ఇందుకే. చిక్కేమిటంటే మన దగ్గర ఇవన్నీ ఒకే బిళ్లలో కలిసి వస్తాయి. గ్లైకోమెట్-జీపీ, జాన్యుమెట్, గాల్వస్ మెట్ వేసుకునే మనిషిని ‘మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా’ అని అడిగితే లేదనే చెబుతాడు. అట్ట వెనక సన్నక్షరాలు చదవాల్సింది డ్యూటీ డాక్టరే.

రోగిని ఐసీయూ దాకా తెచ్చే నీళ్ల విరేచనాల దగ్గరికి వస్తే, మొదట్లో ప్రస్తావించిన సాల్ట్ లేక్ గురించి చెప్పుకోవాల్సింది ఇక్కడే. ఆ సాల్ట్ లేక్‌లోనే సొసైటీ ఫర్ అప్లయిడ్ స్టడీస్ అనే పరిశోధన సంస్థను దిలీప్ మహలనాబిస్ నడిపారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో బన్‌గావ్ ఆసుపత్రి నేల మీద కలరా రోగులు కిక్కిరిసినప్పుడు, సెలైన్ సీసాలు చాలక ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్లను, అంటే ఓఆర్ఎస్‌ను, డ్రమ్ముల్లో పోసి తాగించింది ఆయనే. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. 2022లో ఆయన కన్నుమూశాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. షుగర్ రోగి ఐసీయూ దాకా వెళ్లే దారిలో తొలి మజిలీ కూడా ఆ నీళ్ల విరేచనాలే. నీళ్లు ఎండిపోతే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర, నీరు లాగే మాత్ర, నొప్పుల బిళ్ల అప్పుడు కూడా వేసుకుంటే దెబ్బ రెట్టింపవుతుంది. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరంతో తిండి తగ్గిన రోజుల్లో మెట్‌ఫార్మిన్‌నూ, డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలనూ ఆపి, ఓఆర్ఎస్ తాగుతూ డాక్టరును అడగాలి. ఇన్సులిన్ వాడేవారు మాత్రం దాన్ని తమంతట తాము ఆపకూడదు. ఓఆర్ఎస్‌లో చక్కెర ఉందని షుగర్ రోగులు భయపడి మానేస్తుంటారు. ఆ కాస్త చక్కెర లేకపోతే పేగు ఉప్పునూ నీటినీ సరిగా పీల్చుకోలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. అది నొప్పి లేకుండా, కాళ్లు వాయకుండా ముదురుతుంది. పొలంలో పనిచేస్తున్న మనిషి కిడ్నీలు సగం దెబ్బతిని ఉన్నా అతనికి తెలియదు. అలాంటివారికి నడివయసులో షుగర్ తేలితే, క్రియాటినిన్ చూడకుండా మెట్‌ఫార్మిన్ రాయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దేశమంతటా జిల్లా ఆసుపత్రుల్లో 2016 నుంచి జాతీయ డయాలసిస్ పథకం నడుస్తోంది. ఈ కేంద్రాలు చాలావరకు వారానికి రెండు మూడుసార్లు వచ్చే రోగుల కోసం షిఫ్టుల్లో నడుస్తాయి. అర్ధరాత్రి బీపీ లేని రోగికి యంత్రం పెట్టడం వేరే పని. పీహెచ్ 7.1 కనబడగానే, ఇంకా స్పృహలో ఉండగానే ఐసీయూలో డయాలసిస్ చేయగల చోటికి పంపాలన్న నిబంధన రాసిపెట్టుకుంటే కొత్త యంత్రాలు కొనకుండానే కొన్ని ప్రాణాలు దక్కుతాయి.

కిడ్నీ పనితీరును బట్టి ఈ మాత్ర ఎవరికన్నదానిలో ఇప్పుడు అస్పష్టత లేదు. 2016లో అమెరికా, ఐరోపా ఔషధ సంస్థలు రెండూ క్రియాటినిన్ అంకెను వదిలేసి, వయసును కూడా లెక్కలోకి తీసుకుని కిడ్నీల వడపోతను అంచనా కట్టే ఈజీఎఫ్ఆర్‌కు మారాయి. 30 లోపైతే మెట్‌ఫార్మిన్ వద్దు. 30 నుంచి 45 మధ్య కొత్తగా మొదలుపెట్టడాన్ని అమెరికా వద్దంటే, ఐరోపా రోజుకు 1,000 మిల్లీగ్రాములు మించవద్దంది. ఈజీఎఫ్ఆర్ 60 లోపున్నవారికి సీటీ స్కాన్ కోసం కాంట్రాస్ట్ సూది వేస్తే మాత్ర ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసుకున్నాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ఐసీయూ నుంచి బయటపడ్డ రోగి ఇంటికెళ్తూ అడిగే ప్రశ్న, ‘ఆ మాత్ర మళ్లీ వేసుకోవచ్చా?’ అని. కొన్నాళ్లపాటు జవాబు వద్దనే. దెబ్బతిన్న కిడ్నీ ఎంతవరకు కోలుకుందో తేలడానికి మూడు నెలల దాకా పడుతుంది. ఈలోపు డిశ్చార్జి సమ్మరీలో ‘మెట్‌ఫార్మిన్ వల్ల లాక్టిక్ అసిడోసిస్’ అని పెద్దక్షరాలతో రాయాలి; లేకపోతే మరో క్లినిక్‌లో మరో కలగలుపు బిళ్ల పేరుతో అదే మందు తిరిగొస్తుంది. మూడు నెలలకు ఈజీఎఫ్ఆర్ బాగా కోలుకుని, అప్పటి ప్రమాదానికి కారణం ఒక్కసారి వచ్చిపోయిన విరేచనాలేనని తేలితే, కొందరు వైద్యులు తక్కువ మోతాదులో తిరిగి మొదలుపెట్టడాన్ని ఆలోచిస్తారు. 30 లోపే నిలిచిపోతే ఇన్సులిన్‌తోనో, కిడ్నీ పనితీరును బట్టి మోతాదు మార్చనక్కర్లేని లినాగ్లిప్టిన్‌తోనో చక్కెరను అదుపు చేస్తారు.